మరుపు ముట్టని తొలి క్షణం

ఓరుగల్లు కోటలో ఏకశిల గుట్ట ఎక్కి నిలబడితే కాళ్ల కింద ఉన్నది ఎన్నటికీ చెక్కుచెదరని వస్తువు అనిపిస్తుంది. ఊరికి పేరిచ్చిన రాయి అది. కాకతీయుల రాజ్యం దాని ముందే వచ్చింది, దాని ముందే పోయింది. స్వయంభూ దేవాలయం కూలి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. రాయి ఉన్నచోటనే ఉంది. అయినా ఆ రాతి లోపల అనుక్షణం ఏదో ఒకటి తరిగిపోతూనే ఉంది. గ్రానైట్ జాతి రాళ్లలో టన్నుకు కొన్ని గ్రాముల యురేనియం ఉంటుంది, థోరియం దానికి మూడు నాలుగింతలు ఉంటుంది, పొటాషియం-40 సరేసరి. యురేనియం-238 ఉన్నదాంట్లో సగమయ్యేందుకు దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. పొటాషియం-40కి 125 కోట్ల ఏళ్లు చాలు. అదే పొటాషియం గుట్ట ఎక్కిన మనిషి ఒంట్లోనూ ఉంది. మామూలు దేహంలో ప్రతి సెకనుకూ నాలుగు వేలకు పైగా పరమాణు కేంద్రకాలు ఉన్న రూపం విడిచి వేరే రూపంలోకి వెళ్లిపోతుంటాయి. ఆ సంగతి రాయికీ తెలియదు, మనకూ తెలియదు.

ఈ క్షయానికి ఒక విచిత్రమైన నియమం ఉంది. కేంద్రకానికి వయసు లేదు. కోటి ఏళ్లుగా నిలిచి ఉన్న కేంద్రకం, నిన్న పుట్టిన కేంద్రకం పక్కపక్కన ఉంటే, రేపు పోవడానికి రెండింటికీ ఉన్న అవకాశం ఒక్కటే. ఇన్నాళ్లు బతికాను కాబట్టి ఇక అలసిపోయాను అనే లెక్క అక్కడ లేదు. ముసలితనం లేని మరణం అది. రూథర్‌ఫర్డ్ 1900లో థోరియం నుంచి వెలువడే వాయువును కొలుస్తూ ఈ పద్ధతిని గమనించాడు. రాళ్ల వయసు చెప్పే భూగర్భ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ దాన్నే నమ్ముకుని లెక్కగడతారు.

మన పీఠాల మీద నుంచి, సత్సంగాల్లో, చావు ఇళ్ల అరుగుల మీద తరచూ వినిపించే మాట ఒకటుంది: అన్నీ పోయేవే. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ దాన్ని అక్కడితో వదిలేస్తే అది నిట్టూర్పుగా మిగులుతుంది. శాస్త్ర చింతన చేసేవాడు ఇంకొక అడుగు వేయాలి. పోవడం అనేది పోయే వస్తువు స్వభావమా? లేక ఆ వస్తువుకూ, దాన్ని తనలోకి పుచ్చుకునే బయటి చోటుకూ మధ్య జరిగే వ్యవహారమా? వైరాగ్యం దేని మీద పెట్టుకోవాలో తేలాలంటే ముందు ఈ ప్రశ్న తేలాలి.

ఈ ప్రశ్న చుట్టూ జీవితమంతా తిరిగిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, తరువాతి కాలంలో స్వామి జ్ఞానానంద. ఇల్లు విడిచి హిమాలయాల్లో యోగ సాధన చేశారు. ఐరోపా వెళ్లి వేదాంతం బోధించారు. 'పూర్ణ సూత్రాలు' అన్న గ్రంథం రాశారు. అక్కడే భౌతికశాస్త్రం ఆయనను పట్టుకుంది. ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ ప్రయోగశాలలో బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. స్వదేశం వచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆయన 1969లో సిద్ధి పొందారు. విశాఖలోని ఆ పరిశోధనశాలలు ఇవాళ ఆయన పేరుతోనే ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన రాసిన మరో పుస్తకం. 1947లో అమెరికాలో అచ్చయిన ఆ గ్రంథం అతి నిర్వాత స్థితి గురించి: గాజు పాత్రలోంచి గాలిని చివరి అణువుల దాకా ఎట్లా తీసేయాలి, తీసేశాక మిగిలినదాన్ని ఎట్లా కొలవాలి. ఒక చేత్తో పూర్ణం గురించి, మరో చేత్తో శూన్యం గురించి రాసిన సన్యాసి ఆయన. ఆ రెండు పుస్తకాలనూ వేర్వేరు మనుషులు రాసినట్టుగా మనవాళ్లు చూశారు. యోగి అభిమానులకు పంపుల గొడవ పట్టలేదు. భౌతికశాస్త్ర విద్యార్థులకు పూర్ణం గొడవ పట్టలేదు. అది మనకు జరిగిన నష్టమని నా నమ్మకం.

ఆయన కాలంలో బీటా క్షయాన్ని కొలవగలిగారే తప్ప దాని మీద చెయ్యి వేయలేకపోయారు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది, ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. ఆ ఎలక్ట్రాన్ అంతకుముందు లోపల దాక్కుని ఉన్నది కాదు, పోయే క్షణంలోనే పుడుతుంది. దాన్ని నెమ్మది చేద్దామన్నా, మధ్యలో ఆపి చూద్దామన్నా, మొదటి క్షణాన్ని విడదీసి పరిశీలిద్దామన్నా సాధ్యం కాదు. ఆ వేగాలకు మన సాధనాలు చాలవు. అందుకని తరువాతి తరం ఒక ఉపాయం పన్నింది. కేంద్రకాన్ని వదిలేసి, క్షయించే వస్తువును తామే తయారు చేసుకున్నారు, తాము చెప్పినంత నెమ్మదిగా క్షయించేలాగా.

దానికి కావలసినవి రెండు. ఒకటి జ్ఞానానంద రాసిన నిర్వాతం. రెండవది చల్లదనం. గాలి తీసేసిన పాత్రలో కాస్త సోడియం ఆవిరి వదిలి, ఆరు వైపుల నుంచి దాదాపు దాని రంగుకే తగిన పసుపు లేజర్ కాంతిని పంపుతారు. హనుమకొండ వీధుల్లో ఒకప్పుడు వెలిగిన సోడియం దీపాల పసుపే అది. ఎటు కదిలినా ఎదురుగా వచ్చే కాంతి తాకిడికి పరమాణువుల వేగం తగ్గిపోతుంది. పాత్ర మధ్యలో, ఏ గోడనూ తాకకుండా, చిన్న పసుపు మబ్బు నిలబడుతుంది. డిగ్రీలో పదిలక్షల వంతుల్లో లెక్కపెట్టాల్సిన చల్లదనం అది. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఐన్‌స్టీన్‌కు పంపిన వ్యాసంతో మొదలైన ఆలోచన 1995లో రుబీడియం పరమాణువులు ఒకే స్థితిలో కలిసిపోవడంతో రుజువైంది. ఆ విజయానికి వెనక ఉన్నది ఈ చల్లబరిచే విద్యే.

తరువాత ఎదురెదురుగా రెండు కాంతి పుంజాలను పంపితే అవి కలిసి వరసగా గుంతలు, గట్లు ఏర్పడతాయి. కాంతితో కట్టిన ఆ గుంతల్లో పరమాణువులు కూర్చుంటాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మార్క్ రైజెన్ బృందం ఆ వరసనంతా ఒక్కసారిగా వేగం పెంచుతూ ముందుకు లాగింది, భూమి లాగే లాగుడుకు వెయ్యి రెట్లు మించిన జోరుతో. పరమాణువులు గుంతలతో పాటే సాగాయి. కొన్ని మాత్రం గట్టు దాటే శక్తి లేకపోయినా గట్టు గుండా జారి వెనకపడిపోయాయి. క్వాంటం లోకంలో ఇది మామూలే. కేంద్రకం నుంచి ఆల్ఫా కణం బయటపడేదీ ఈ దారినే. అంటే క్షయానికి ఒక నమూనా చేతికొచ్చింది.

1997లో ఆ బృందం చూసింది ఇది: మొదటి కొద్ది మైక్రోసెకన్ల పాటు దాదాపు ఏదీ పోలేదు. వయసు లేని క్షయం అన్న నియమం ఆ కాస్త సమయానికి వర్తించలేదు. వస్తువు ఇంకా తన మొదటి స్థితిని మరిచిపోలేదు. ఆ తరువాత ఒక ఉరవడి, దాని తరువాతే పాత నియమం. రాళ్లలో, ఒంట్లో మనం చూసే వయసు లేని మరణం ఒక మరుపు తరువాతి కథ అన్నమాట.

దీని వెనక ఉన్న గణితం కష్టమైనదేమీ కాదు. తొలి క్షణాల్లో పోయే అవకాశం కాలం పెరిగినంత పెరగదు, కాలం వర్గంలా పెరుగుతుంది. ఒక ఘడియలో పోయే అవకాశం ఒక వంతు అనుకుంటే, ఆపకుండా నాలుగు ఘడియలు వదిలేస్తే పదహారు వంతులు. అదే ప్రతి ఘడియకూ ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే నాలుగు ఒకట్లు నాలుగే. ఇంకా తరచుగా ఆపితే ఇంకా తక్కువ. కేరళలో పుట్టి, అదే టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఇ.సి.జి. సుదర్శన్, బి. మిశ్రాతో కలిసి 1977లో దీన్ని సిద్ధాంతంగా ప్రకటించారు. ఎడతెగకుండా గమనిస్తూ ఉంటే క్షయం ఆగిపోతుందని చెప్పారు. ఎగిరే బాణం ఏ క్షణానికి ఆ క్షణం కదలక ఉన్నట్టే కదా అన్న గ్రీకు తాత్త్వికుడు జీనో పేరు దానికి పెట్టారు. వేదాంతం మీద కూడా ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి సుదర్శన్.

2001లో రైజెన్ బృందం ఈ మాటను సోడియం మబ్బు మీద పరీక్షించింది. మైక్రోసెకనుకు ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెడితే క్షయం నెమ్మదించింది. ఐదు మైక్రోసెకన్లకు ఒకసారి ఆపితే, అసలు ఆపకుండా వదిలేసినప్పటి కంటే వేగంగా పోయాయి. రెండవ ఫలితం మొదటిదాని కంటే నాకు ముఖ్యం. తొలి క్షణపు నిదానం దాటాక వచ్చే ఉరవడి చెప్పాను కదా, సరిగ్గా ఆ ఉరవడి అయ్యాక ఆపితే ప్రతి కొత్త మొదలూ మళ్లీ ఆ ఉరవడి గుండానే పోవాల్సి వస్తుంది.

జపం చేసేవాళ్లకు ఈ చోటు తెలుసు. తులసి పూసల మాల వేళ్ల మధ్య తిరుగుతుంటుంది. బొటనవేలు పూసను నడిమి వేలి మీద నుంచి లాగుతుంది, పెదవి నామం పలుకుతుంది. ఒక నామం ముగిసి మరొకటి మొదలుకాని సందులో మొదట ఏదో చిన్న వెచ్చదనం లాంటిది తగులుతుంది. దానికి మాట లేదు, బొమ్మ లేదు. అక్కడే గుర్తుపడితే అది అక్కడే ఆరిపోతుంది. గుర్తుపట్టకపోతే మరుక్షణం అది ఒక ముఖమవుతుంది. ఆ ముఖం నోరు విప్పుతుంది, మనం జవాబు చెబుతాం, ఇక పూసలు తిరుగుతూనే ఉంటాయి, మనం మాత్రం ఎప్పుడో జరిగిన తగాదాలో ఉంటాం. అక్కడ ఉలిక్కిపడి, ఛీ అనుకుని, మళ్లీ మొదలుపెడతాం. మళ్లీ తగాదాలోనే తేలతాం. ఇట్లా మాల పూర్తయ్యేసరికి, జపానికి కూర్చోనివాడి కంటే ఎక్కువ చెదిరి లేస్తాం. చాలామంది సాధకులు దీన్ని తమ పాపమనుకుని కుమిలిపోతారు. పాపం కాదు, ఆపిన చోటు ఆలస్యమైంది, అంతే. గీత ఆరవ అధ్యాయం మనసు ఎటు పోతే అటు నుంచి దాన్ని వెనక్కి తెమ్మంటుంది. పతంజలి అభ్యాసానికి నైరంతర్యం కావాలంటాడు. గురువులు ఎక్కువసేపు కూర్చోవడం మీద పెట్టే పట్టుదల ఈ నైరంతర్యం మీద పెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. ప్రయోగశాలలో గమనించడం అంటే ఎవరో కళ్లార్పకుండా చూడడం కాదు. ఆస్టిన్‌లో చేసింది కాసేపు జోరు తగ్గించడమే. ఆ వ్యవధిలో నిలిచిన పరమాణువులు, జారిపోయిన పరమాణువులు వేర్వేరుగా విడిపోతాయి. మనిషి చైతన్యం పదార్థాన్ని ఆపుతోందని దీన్నుంచి చెప్పేవాళ్లు శాస్త్రానికీ ద్రోహం చేస్తున్నారు, వేదాంతానికీ ద్రోహం చేస్తున్నారు. ఉపనిషత్తులకు సోడియం సాక్ష్యం అక్కర్లేదు, మనసు పరమాణువూ కాదు. కానీ ఆ ప్రయోగంలో జరిగినది సరిగ్గా ఏమిటో చూస్తే అంతరార్థం ఇంకా నిక్కచ్చిగా కనిపిస్తుంది. క్షయాన్ని నెమ్మది చేసింది చూపు తీవ్రత కాదు, పోయినదాన్నీ నిలిచినదాన్నీ వేరు చేయడం. మన సాధన చతుష్టయంలో మొట్టమొదటి మెట్టు నిత్యమేదో అనిత్యమేదో విడదీసి తెలుసుకునే వివేకం. మనసు మీద కళ్లెర్రజేయమని శంకరులు ఎక్కడా మొదటి మెట్టుగా పెట్టలేదు.

ఇంతవరకూ ప్రశ్నలో సగమే తేలింది. పోవడం ఎప్పుడు మొదలవుతుందో తెలిసింది. ఎక్కడికి పోతుందన్నది మిగిలింది. 1930లో వైస్‌కాఫ్, విగ్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉత్తేజితమైన పరమాణువు కాంతిని విడిచి శాంతించే తీరును లెక్కగట్టారు. ఆ లెక్కలో బయట ఉన్న ఆకాశం అపారం, ఎంత వచ్చినా పుచ్చుకుంటుంది, ఏదీ తిరిగి ఇవ్వదు. పరమాణువు ఒక్కసారి విడిచిందంటే అంతే. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ ష్నేబల్ బృందం 2018లో ఆ బయటి ఆకాశాన్నే మార్చి చూసింది. కాంతి గుంతలో బంధించిన అతిశీతల రుబీడియం పరమాణువు వాళ్లకు ఉత్తేజిత స్థితి. దాన్ని మైక్రోవేవ్‌లతో బంధం లేని మరో స్థితికి జోడించారు. కాంతి కిరణానికి బదులు ఇక్కడ పదార్థపు తరంగమే బయటికి వెలువడుతుంది. వెళ్లడానికి తగిన శక్తి ఇచ్చినప్పుడు అది వెళ్లిపోయింది. ఆ శక్తి కాస్త తక్కువ చేసినప్పుడు తరంగం గుంత అంచు దాటి కొంచెం బయటికి వ్యాపించింది, కానీ విడిపోలేదు. పుట్టిన చోటునే అంటిపెట్టుకుని ఉండిపోయింది. జోడింపు గట్టిగా ఉన్నప్పుడు వెలువడినదాంట్లో కొంత వెనక్కి కూడా వచ్చింది.

వస్తువు అదే. దాని స్వభావం మారలేదు. బయటి చోటు పుచ్చుకునే తీరు మారితే క్షయం వేగంగా అయింది, నెమ్మదిగా అయింది, సగంలో నిలిచింది, తిరిగొచ్చింది. నశ్వరత వస్తువు నొసట రాసి ఉన్నది కాదని దీన్నుంచి నేను గ్రహించాను. తిరిగొచ్చే దారి లేనంత విశాలమైన మరుపులోకి వస్తువు కలిసిపోవడానికి మనం పెట్టిన పేరు అది.

2021లో వచ్చిన మరో ఫలితం దీన్ని ఇంకా లోతుకు తీసుకుపోయింది. ఒకే స్థితిలో రెండు ఉండలేని జాతి పరమాణువులు కొన్ని ఉన్నాయి, లిథియంలో ఒక రకం అటువంటిది. వాటిని బాగా చల్లబరిచి దగ్గరగా కూర్చితే కింది స్థానాలన్నీ నిండిపోతాయి. ఇప్పుడు ఒక పరమాణువు కాంతిని తాకి వెదజల్లాలంటే ఆ తాకిడికి పక్క స్థానానికి జరగాలి. జరగడానికి ఖాళీ లేదు. మేడారం జాతరకు హనుమకొండ నుంచి బయలుదేరిన బస్సులో నిలబడ్డవాడు పక్కకు తిరగబోయి తిరగలేక ఉన్నచోటే ఉండిపోయినట్టు, పరమాణువు కాంతిని వెదజల్లడమే మానేస్తుంది. ఎం.ఐ.టి.లో కెటర్లీ బృందం అట్లాంటి లిథియం మబ్బు 38 శాతం మసకబారడం చూసింది. కొలరాడోలో జున్ యే బృందం, న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు అదే కాలంలో ఇదే సంగతిని మరో మరో విధంగా చూశారు. అక్కడ ఎవరూ దేన్నీ పట్టి ఉంచలేదు, మైక్రోసెకనుకు ఒకసారి ఆపలేదు. చుట్టూ నిండి ఉంది, అందుకని చెదరలేదు.

ఇది చదివినప్పుడు నాకు బమ్మెర గుర్తుకొచ్చింది. ఓరుగల్లుకు ఎంతో దూరం లేని ఆ ఊళ్లో పోతన సప్తమ స్కంధంలో ప్రహ్లాదుణ్ణి తెలుగు చేశాడు. ఆ పిల్లవాడి సాధన ఎట్లాంటిదో చూడండి. మనసును వెనక్కి లాగుతున్నట్టు ఎక్కడా కనిపించడు. తింటూ తాగుతూ ఆడుతూ మాట్లాడుతూ కూడా హరిని విడవడు. గురువుల దగ్గర కూర్చోబెట్టి రాజనీతి నేర్పించినా, కొండ మీద నుంచి తోయించినా, విషం పెట్టినా అతని తలపు చెదరదు. అది నిగ్రహబలం అని మామూలుగా చెబుతారు. నాకు అట్లా తోచదు. ప్రహ్లాదుడికి హరి లేని చోటు ఎక్కడా కనిపించడం లేదు. మనసు పోదామన్నా అక్కడ ముందే హరి ఉన్నాడు. పోవడానికి ఖాళీ లేని మనసు అది. హిరణ్యకశిపుడు పదేపదే ఎక్కడ, ఎక్కడ అని అడిగేది తన లోకంలో అంతటా ఖాళీ ఉంది కాబట్టి. ఆ ఖాళీలోకే అతని రాజ్యం, వరాలు, ఆయుష్షు అన్నీ జారిపోయాయి.

యోగి దారి ఆస్టిన్ దారి, క్షణక్షణం వేరుచేసుకుంటూ నిలవడం. భక్తుడి దారి బయటినే నింపుకోవడం. జ్ఞానానంద నిర్వాతం మీద, పూర్ణం మీద రెండు పుస్తకాలు రాయడంలో నాకు ఇప్పుడు వైరుధ్యం కనిపించడం లేదు. నా మొగ్గు మటుకు పోతన వైపే. అయితే లిథియం మబ్బు విషయంలో ఒక చిన్న వివరం నన్ను వదలడం లేదు. వెచ్చగా ఉన్నప్పుడు ఆ మబ్బులోనూ కావలసినంత ఖాళీ ఉంది. పరమాణువులు అటూ ఇటూ చెదిరి తిరుగుతూ ఎన్నో స్థానాల్లో పలచగా పరుచుకుని ఉన్నాయి. పాత్రలోకి కొత్తగా ఏదీ పోయలేదు. వేడి తగ్గించి దగ్గర చేశారు, ఉన్నవే కిందికి సర్దుకుని నిండాయి. ప్రహ్లాదుడికి ఆ శమం తల్లి కడుపులో ఉండగానే, నారదుడి మాటతోనే అమరింది. మనలో కోపతాపాల వేడి అట్లాగే ఉండగా అంతా పూర్ణమేనని చెప్పే ప్రవచనాలను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి కారణం ఇదే. వింటున్నంతసేపూ నిండినట్టుంటుంది, మండపం మెట్లు దిగేలోపే మనసుకు పోవడానికి ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది.